ఒక్కటే ఉండాల్సింది రెండైనప్పుడు

(ముంబయిలో మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల ఉగాది కుటుంబ సమ్మేళనంలో ఐటీ విభాగానికి చెందిన అధికారి చేసిన ప్రసంగ పాఠం)



"ఐటీ వాళ్లు అక్కడ ఏం చేస్తుంటారో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు నిర్వాహకులు. మా ఆవిడ ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు చూసుకుంటారు" అని చెబుతుంది. మా అమ్మయితే "వాడికి కౌంటర్ పని లేదు, అదృష్టవంతుడు" అంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమో మీరే తేల్చండి. నేను ఒక్క సంఘటన చెబుతాను. అందులో తప్పు నాది. దాని బరువు మోసింది మాత్రం ఎక్కడో ఆరేడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక సింగిల్ విండో ఆపరేటర్. ఆవిడను అడిగి, సరేనన్నాకే ఈ విషయం చెబుతున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. మేడమ్ అనే అంటాను.

ముందు పాల లెక్కతో మొదలుపెడతాను. మా చిన్నప్పుడు మా ఇంట్లో వంటింటి గోడకు ఒక కేలండరు ఉండేది. పాలు పోయించుకోగానే అమ్మ ఆ తేదీ గడిలో "1" అనో "1½" అనో వేసేది. నెలాఖరున పాలాయన వస్తే ఆ గడులన్నీ కూడి డబ్బులిచ్చేవాళ్లం. అమ్మ ఊళ్లో లేకపోతే నాన్న వేసేవారు, నాన్న మరిచిపోతే నేను వేసేవాణ్ని. ఎవరు వేసినా కేలండరు ఒక్కటే కాబట్టి ఏ నెలా లెక్క తప్పలేదు.

తర్వాత ఇల్లు మారాం. కొత్త ఇంటి హాల్లో నాన్న ఇంకో కేలండరు తగిలించారు. అమ్మ వంటింట్లో దానిమీద వేస్తోంది, నాయనమ్మ హాల్లో దానిమీద వేస్తోంది. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే కనిపిస్తోంది. నెలాఖరున పాలాయన చెప్పింది మాత్రం రెండింటికీ కుదరలేదు. పాపం, పాలాయన అబద్ధమాడుతున్నాడని అనుకున్నాం. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. మేం రాసే ప్రోగ్రాముల్లో కొన్ని వస్తువులు ఆ వంటింటి కేలండరు లాంటివి. ఎంతమంది వాడినా అది ఒక్కటే ఉండాలి. దాన్ని "సింగిల్టన్" అంటాం. ఒకే ఒక్క సభ్యుడున్న సమితికి గణితంలో ఆ పేరుంది. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ అనే నలుగురు కలిసి "డిజైన్ ప్యాటర్న్స్" అనే పుస్తకం రాశారు. అందులో వివరించిన 23 పద్ధతుల్లో ఇది ఒకటి. ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలుంటే ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు అందరూ చెబుతారు. అది నిజంగా ఒక్కటే ఉందో లేదో సరిచూసేవాళ్లు మాత్రం తక్కువ. నేనూ చూడలేదు.

మా విభాగంలో శాఖల కోసం రసీదు నంబర్లిచ్చే ఒక అప్లికేషన్ ఉంది. ఖాతాదారు ఏదైనా దరఖాస్తో, సర్టిఫికెట్టో ఇస్తే, అందినట్టు ఒక నంబరు ఇస్తాం. ఆ నంబరిచ్చే వస్తువు సింగిల్టన్. రోజూ రాత్రి అప్లికేషన్ ఆపి మళ్లీ మొదలుపెడతాం. మొదలవగానే ఆ వస్తువు డేటాబేసులోకి చూసి, ఏ శాఖలో చివరి నంబరెంతో తెలుసుకుంటుంది. 4,120 అయితే, ఆ తర్వాత అడిగినవాళ్లకు 4,121, ఇంకొకరికి 4,122 అని తన జ్ఞాపకంలోంచే ఇస్తూ పోతుంది. కేలండరు ఒక్కటే ఉన్నంతకాలం ఇబ్బంది లేదు.

ఆ అప్లికేషన్‌ను మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాం. ఫ్రేమ్‌వర్క్ అంటే కట్టి ఉన్న ఇల్లు లాంటిది. గోడలు, నీళ్ల పైపులు, కరెంటు అన్నీ వాళ్లే ఇస్తారు, మనం కాపురం పెట్టుకోవడమే. మేముంటున్నది 2.1 వెర్షన్‌లో. దానికి 2021 ఆగస్టు 21తో మద్దతు ముగిసింది. ఆ తర్వాత భద్రతా లోపాలు బయటపడినా సరిచేసేవాళ్లుండరు. బ్యాంకు అలాంటి ఇంట్లో ఉండకూడదు కాబట్టి 3.1కి మారాలని నిర్ణయించారు. ఆ పని నాకు అప్పగించారు. అక్టోబరు చివర్లో మారాం. పరీక్షలన్నీ పాసయ్యాయి. లడ్డూలు కూడా పంచుకున్నాం.

నవంబరు వచ్చింది. నవంబరంటే ఏమిటో ఇక్కడున్న పెన్షనర్లకు తెలుసు. జీవన ప్రమాణ పత్రం, అంటే "నేను బతికే ఉన్నాను" అని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్, ఇచ్చే నెల. అది నమోదు కాకపోతే పెన్షన్ ఆగుతుంది.

మేడమ్ పనిచేసే శాఖ చుట్టుపక్కల పల్లెలకంతా పెద్ద శాఖ. కదల్లేని వాళ్ల కోసం మన సిబ్బంది ఇళ్లకు వెళ్లి పత్రాలు తీసుకుని, ఆ వివరాలు రోజుకు రెండుసార్లు మూటగా పంపుతారు. దాన్ని బ్యాచ్ అంటాం. కౌంటర్‌లో ఇచ్చినవాళ్లకు మేడమ్ రసీదు ఇస్తారు. బ్యాచ్‌లో వచ్చినవాళ్లకు కంప్యూటరే ఇస్తుంది.

నవంబరు రెండో వారంలో ఒక పెద్దాయన వచ్చి తన రసీదు చూపించి "నాది పెండింగ్ అంటున్నారేమిటి?" అని అడిగారు. చూస్తే అదే నంబరు మీద వేరే పల్లెలోని ఒక వితంతువు పేరుంది. ఒకే నంబరు, ఇద్దరు మనుషులు. ఒకరిది నమోదు చేస్తే రెండోవారిది పెండింగ్‌లోకి పోతోంది. వెతికితే అలాంటివి ఇంకొన్ని దొరికాయి. అన్నిట్లోనూ ఒక రసీదు మేడమ్ లాగిన్ మీద ఇచ్చిందే.

పాలాయన గుర్తున్నాడు కదా? మేడమ్ పాత రసీదు తీసి మళ్లీ వాడుతున్నారని అనుమానపడ్డారు. సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చారు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆవిడకు అదే మొదటి మెమో. ఆ రాత్రి అన్నం తినలేదట. వాళ్లాయన తర్వాత నాతో ఫోన్‌లో చెప్పారు.

శాఖ నుంచి మాకు ఫిర్యాదు వచ్చింది. నేను పరీక్షా సర్వర్‌లో వెయ్యి నంబర్లు తీసి చూశాను. ఒక్కటీ రెండోసారి రాలేదు. "సిస్టమ్ సరిగ్గానే ఉంది, శాఖలో వాడకం సరిచూసుకోగలరు" అని మర్యాదగా జవాబు రాశాను. ఈ వాక్యం ఐటీ విభాగం నుంచి మీలో చాలామందికి వచ్చి ఉంటుంది. నేను రాసినందుకు ఈ వేదిక మీద క్షమాపణ చెబుతున్నాను.

మర్నాడు మేడమ్ ఫోన్ చేశారు. "సార్, మీరు కంప్యూటరు తప్పు కాదన్నారు. నేను ఏఎల్‌పీఎమ్ మిషన్లు రాకముందు చేతి లెడ్జర్లు రాసినదాన్ని. నా చేతి తప్పయితే నాకు తెలుస్తుంది. ఒక్క పది నిమిషాలు వినండి" అన్నారు. ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. మెమో వచ్చిన దగ్గర్నుంచి తేలిన ప్రతి జంట రసీదుకీ, తనదెన్ని గంటలకిచ్చిందో, రెండోది ఎన్ని గంటలకు పుట్టిందో రాసిపెట్టారు. తనవి రోజంతా పరుచుకుని ఉన్నాయి. రెండోవన్నీ పదకొండున్నర దాటిన కాసేపటికి, లేదా మూడున్నర దాటిన కాసేపటికి.

అవి బ్యాచ్ వచ్చే వేళలు.

"పూర్వం ఒక శాఖలో ఇలాగే అయింది బాబూ" అన్నారు. అప్పటికి సార్ పోయి బాబు వచ్చింది. "ఇన్‌వర్డ్ రిజిస్టరు నిండలేదు, అయినా ఎవరో తెలియక పక్క టేబుల్ మీద ఇంకోటి తెరిచారు. రెండిట్లోనూ ఒకే నంబరు దగ్గర్నుంచి రాసుకుంటూ పోయారు. మీ దగ్గర కూడా ఎవరైనా రెండో రిజిస్టరు తెరిచారేమో చూడండి."

నా పరీక్షా సర్వర్‌లో బ్యాచ్ నడవదు. అందుకే నాకు తప్పు కనిపించలేదు. ఫోన్ పెట్టేసి వెతకడం మొదలుపెట్టాను.

ఎలా వెతికామో చెబుతాను, ఇది పిల్లలకు పనికొస్తుంది.

మొదటి అనుమానం, ప్రోగ్రామే రెండుచోట్ల నడుస్తోందా? సింగిల్టన్ అనే మాటకు హద్దుంది. అది ఒక ప్రాసెస్‌లో మాత్రమే ఒక్కటి. రెండు సర్వర్లుంటే రెండుంటాయి. ఒకే సర్వర్‌లోనూ పాత ప్రాసెస్ పూర్తిగా ఆగకముందే కొత్తది లేస్తే కాసేపు రెండుంటాయి. అందుకని ప్రతి నంబరు పక్కన ప్రాసెస్ ఐడీ రాయించాం. అన్నిటికీ ఒకే ఐడీ వచ్చింది. కాబట్టి ఇల్లు ఒక్కటే. కేలండర్లే రెండు.

రెండో మెట్టు, జనన ధ్రువీకరణ. నంబరిచ్చే వస్తువు పుట్టగానే తనకు తానొక యాదృచ్ఛిక గుర్తింపు పెట్టుకుని, సమయంతో సహా లాగ్‌లో రాసేలా మార్చాం. ఆ రాత్రి అప్లికేషన్ మొదలవగానే లాగ్ తెరిచాను. ఒక్క పుట్టుక ఉండాల్సిన చోట రెండున్నాయి. మేడమ్ చెప్పిన రెండో రిజిస్టరు నా కళ్ల ముందుంది.

మూడో మెట్టు, కన్నవాళ్లెవరు? ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిస్తే ఈ వస్తువు పుట్టిందో చెప్పే జాడను స్టాక్ ట్రేస్ అంటాం. అది కూడా రాయించాం. రెండో పుట్టుక జాడ నేరుగా ఒక వాక్యం దగ్గరకు తీసుకెళ్లింది. ఆ వాక్యం కింద నా పేరుంది. రాసిన తేదీ అక్టోబరులో.

నేను చేసిందేమిటంటే: ఈ ఫ్రేమ్‌వర్క్‌లో కావలసిన వస్తువులన్నీ మనం స్వయంగా తయారు చేసుకోం. శాఖలో స్టేషనరీకి ఇండెంట్ పెట్టినట్టు, ముందు ఏమేం కావాలో ఒక జాబితా రాస్తాం. ఆ జాబితా చూసి ఫ్రేమ్‌వర్క్ ఒక స్టోరు గది తెరుస్తుంది. అడిగినవాళ్లకు అడిగింది ఇస్తుంది. సింగిల్టన్ అని రాసింది ఆ స్టోరులో ఒక్కటే ఉంటుంది. ఈ ఏర్పాటును డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు.

పాత 2.1లో, అసలు స్టోరు తెరవకముందే ఇంటి యజమానికి చిన్న స్టోరు ఒకటి ఉండేది. "స్టార్టప్" అనే మొదటి గదిలోకి లాగ్ రాసే వస్తువును దాన్నుంచి తెచ్చుకునేవాళ్లం. అలా రెండు స్టోర్లుండడం వల్లే కొందరికి సింగిల్టన్లు రెండేసి పుట్టే ఇబ్బంది ఉండేది. 2019 సెప్టెంబరులో వచ్చిన 3.0లో దాన్ని తీసేసి, స్టోరు ఒక్కటే ఉంచారు. కాబట్టి స్టార్టప్ గది తయారయ్యే సమయానికి కాన్ఫిగరేషను, పరిసరాల సమాచారం తప్ప మరేమీ అడగకూడదన్నారు.

మా కోడ్ లాగర్‌ను అడుగుతోంది. కొత్త ఇంట్లో అది దొరకలేదు, అప్లికేషన్ లేవనే లేదు. వెనక గడువు తరుముతోంది. నేను "బిల్డ్ సర్వీస్ ప్రొవైడర్" అనే ఒక్క వాక్యం రాశాను. జాబితా చూసి ఇప్పుడే స్టోరు తెరవమని దాని అర్థం. లాగర్ దొరికింది, అప్లికేషన్ లేచింది. స్టోరు చేతిలో ఉంది కదా అని, బ్యాచ్ నడిపే వస్తువును కూడా అక్కడే తయారుచేసి, దానికి కావలసిన నంబరిచ్చే వస్తువును ఆ స్టోరులోంచే ఇచ్చాను. కాసేపటికి ఫ్రేమ్‌వర్క్ తన పద్ధతి ప్రకారం, అదే జాబితా చూసి, తన అసలు స్టోరు తెరిచింది. అందులో ఇంకో నంబరిచ్చే వస్తువు. కౌంటర్లన్నీ దాన్ని అడుగుతాయి. బ్యాచ్ మాత్రం నేను తెరిచిన దొంగ స్టోరు వస్తువునే అడుగుతుంది. పొద్దున రెండూ 4,120 చూసే లేచాయి. రెండూ 4,121 నుంచే ఇచ్చాయి.

రెండు కేలండర్లు రాకుండా వాళ్లు గోడ కట్టారు. నేను గోడ దూకి రెండోది తగిలించాను.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఈ తప్పు చేస్తే కంపైలరు హెచ్చరిస్తుంది. దానికి ఏఎస్‌పీ0000 అని ఒక గుర్తు కూడా ఉంది. "ఇలా పిలిస్తే సింగిల్టన్లకు అదనపు ప్రతి పుడుతుంది" అని స్పష్టంగా చెబుతుంది. నా కంప్యూటరు అక్టోబరులోనే చెప్పింది. కాని మా ప్రాజెక్టులో అప్పటికే పసుపు రంగు హెచ్చరికలు రెండు వందల పైచిలుకున్నాయి. ఏళ్ల తరబడి ఎవరూ చదవనివి. వాటి మధ్య ఇదీ ఒకటైంది. గుడి గంట రోజంతా మోగుతుంటే హారతి ఎప్పుడో ఎవరికి తెలుస్తుంది?

సరిచేయడానికి ఒక్క పూట పట్టింది. ఆ వాక్యం తీసేశాం. లాగర్ అవసరమున్న పనిని, స్టోరు తెరిచాక నడిచే "కాన్ఫిగర్" అనే భాగంలోకి మార్చాం. అక్కడ అడిగితే అసలు స్టోరే ఇస్తుంది. బ్యాచ్ వస్తువును మేం తయారు చేయడం మానేసి, ఎలా తయారు చేయాలో మాత్రం జాబితాలో రాశాం. సమయం వచ్చినప్పుడు అసలు స్టోరే తయారు చేసుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టి లాగ్ చూశాం. ఒక్కటే పుట్టుక.

అక్కడితో ఆగలేదు. మిగతా అప్లికేషన్లన్నీ వెతికాం. ఒకచోట ఇంకో రకం కవల దొరికింది. వెనక నిరంతరం నడిచే పనిని ఒకసారి సింగిల్టన్‌గా, ఇంకోసారి హోస్టెడ్ సర్వీసుగా, రెండు విడి పద్దులుగా జాబితాలో రాశారు. స్టోరు ఒక్కటే అయినా, పద్దులు రెండు కాబట్టి వస్తువులు రెండు పుట్టాయి. రెండో పద్దులో "కొత్తది వద్దు, మొదటిదాన్నే తెచ్చి ఇవ్వు" అని రాస్తే సరిపోయింది. ఒకే తరగతిని రెండు ఇంటర్‌ఫేసుల పేరుతో విడివిడిగా రాసినా ఇదే జరుగుతుంది.

అసలు లోపం మాత్రం ఇంకా లోపలుంది. నంబరు రెండుసార్లు రాకూడదన్నది బ్యాంకు నియమం. దాన్ని ఒక వస్తువు జ్ఞాపకశక్తికి వదిలేశాం. "ఇచ్చేది ఒక్కటే కదా" అన్న ధీమాతో డేటాబేసులో ఆ నిబంధన పెట్టనేలేదు. ఇప్పుడు నంబర్లు డేటాబేసులోని సీక్వెన్సే ఇస్తుంది. పట్టికకు యునీక్ నిబంధన పెట్టాం. రేపు ఇంకో అల్లరివాడు మూడో స్టోరు తెరిచినా, రెండోసారి అదే నంబరు వస్తే డేటాబేసు ఒప్పుకోదు. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు ఇద్దరి దగ్గర ఎందుకుంటాయో మీలో క్యాష్ చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కరి మీద నమ్మకం లేక కాదు, ఒక్కరి పొరపాటుతో అంతా పోకూడదని.

హెచ్చరికలు రెండు వందలూ ఒక్కొక్కటే చదివి తీసేయడానికి మా బృందానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఏఎస్‌పీ0000 వస్తే ప్రోగ్రాము తయారవడమే ఆగిపోతుంది. కొత్త వెర్షన్‌కు మారిన ప్రతిసారీ బ్యాచ్‌తో సహా పరీక్షిస్తాం.

సాంకేతికంగా కథ అయిపోయింది. మనుషుల లెక్క ఇంకా మిగిలింది.

జంట రసీదుల్లో ఉన్న ప్రతి పెన్షనరు పత్రాన్నీ శాఖవాళ్లు చేత్తో సరిచూసి నమోదు చేశారు. ఎవరి పెన్షనూ ఆగలేదు. దానికి కారణం నా కోడ్ కాదు, మేడమ్ నోటుబుక్కు. ఏయే రసీదులు జంటలో అందులో ఉన్నాయి.

మెమో సంగతి. నివేదికలో "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి ముగించవచ్చు. మా పై అధికారి ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపి, "ఈ మాట చదివితే ఆవిడ మీద అనుమానం పోతుందా?" అని అడిగారు. పోదు. అందుకని, వెర్షన్ మార్పులో మా విభాగం చేసిన పొరపాటు వల్ల నంబర్లు రెండుసార్లు వచ్చాయని, శాఖ సిబ్బంది తప్పేమీ లేదని, తప్పు కనిపెట్టడానికి వారి రికార్డే ఆధారమైందని రాశాం. సంతకం పెట్టినప్పుడు నా చెయ్యి కొంచెం వణికింది. పదోన్నతి ఇంటర్వ్యూ నాలుగు నెలల్లో ఉంది మరి. మెమో వెనక్కి తీసుకున్నారు.

నేను మేడమ్‌కు ఫోన్ చేసి, "తప్పు నాదే మేడమ్, ఆ వాక్యం రాసింది నేనే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే బాబూ. ఆ మాట చెప్పావు, అది చాలు. ఆ కాయితం కాపీ ఒకటి నాకు పంపు, మా ఆయనకు చూపించాలి" అన్నారు.

ఆవిడ రిటైరయ్యారు. ఇప్పుడు ప్రతి నవంబరులో తన పత్రం తానే ఇవ్వాలి. పోయినసారి రసీదు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. కింద ఒకే మాట రాశారు: "ఒక్కటే కదా?"

లాగ్ తెరిచి చూశాకే జవాబిచ్చాను. "ఒక్కటే మేడమ్."

ఇంట్లో ఎవరైనా "ఈరోజు ఆఫీసులో ఏమైంది?" అని అడిగితే మేం "ఏం లేదు" అంటాం. ఆ ఏం లేదు వెనక ఇలాంటివి ఉంటాయి.  అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పచ్చడి అయిపోకముందే పదండి.